తప్పటడుగు



కిందటి సంవత్సరం నాలుగైదు నెలలపాటు మా ఇంట్లో ఒకే ఒక్క ప్రశ్న తిరుగుతూ ఉండేది. "పాపకు ఎన్నో నెల?" ప్రశ్న చిన్నదే. కాని దాని వెనుక ఉన్న దిగులు చిన్నది కాదు.

హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి తొలిచూలు ఆడపిల్ల. పుట్టినరోజు వేడుకగా జరిగింది. వచ్చిన చుట్టాలందరూ అక్షతలు వేసి, ఆశీర్వదించి, భోజనాలు చేసి, వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఇంకా అడుగులు వేయడం లేదా?" అని అడిగి మరీ వెళ్ళారు. ఆ మాట మా అమ్మాయి మనసులో ముల్లులా నాటుకుంది. నాటినుంచి ప్రతి సాయంత్రం ఫోను.

"నాన్నా, పక్క ఫ్లాటులో పిల్లవాడు తొమ్మిదిన్నర నెలలకే నడిచేశాడట. మనదానికి పద్నాలుగు వచ్చాయి. నిలబెడదామంటే కాళ్ళు ముడిచేసుకుంటోంది. కూర్చున్న చోటునుంచే దేకుతూ ఇల్లంతా తిరుగుతోంది."

నేను ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. బిడ్డ దిగులు వింటూనే ఉన్నాను. అయినా పాతబుద్ధి పోతుందా? నా చెవికి ముందు ఆనింది ఆ "దేకుతూ" అన్న మాట. ఎంత మంచి మాట! పిల్ల నేలమీద ముందుకు జరగడానికి మనకు ఒక్క క్రియ చాలలేదు. పొట్టను నేలకు ఆనించి జరిగితే పాకడం. చేతులూ మోకాళ్ళూ ఊని కదిలితే దోగాడడం. కూర్చున్నది కూర్చున్నట్టే పిరుదులమీద జరిగితే దేకడం. పిల్లలందరూ ఒకే దారిన నడక దాకా రారని ఈ మాటలను పుట్టించిన తల్లులకు తెలిసే ఉండాలి. తెలియకపోతే మూడు మాటలెందుకు?

మన వేడుకలు కూడా అటువంటివే. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచుతాం. కొన్ని ఇళ్ళలో కూర్చుంటే కుడుములు, నవ్వితే నువ్వుండలు కూడా ఉన్నాయి. అక్షరానికి అక్షరం కుదిరింది కనుక ఆ పిండివంటలు కుదిరాయని నవ్వుకుంటాం కాని, అందులో మరొక సంగతి ఉంది. అన్నప్రాశనకు నెల చూస్తాం, అక్షరాభ్యాసానికి ఏడు చూస్తాం. అడుగులకు మాత్రం నెల లేదు, ముహూర్తం లేదు. పిల్ల అడుగు వేసిన నాడే పండుగ. పెద్దవాళ్ళు అరిసెల పాకానికి బెల్లం సిద్ధం చేసుకొని, పిల్ల ఎప్పుడు తలచుకుంటే అప్పుడు అని కూర్చున్నారన్నమాట.

భాగవతం దశమస్కంధం తెరిచి చూడండి. బలరామకృష్ణులు దోగాడడం, ఆ తరువాత తప్పటడుగులు వేయడం పోతనగారు ఎంత మురిపెంగా వర్ణించారో! ఎన్నో నెలలో అన్నది మాత్రం చెప్పలేదు. అన్నదమ్ములిద్దరికీ వయసులో తేడా ఉన్నా, ఇద్దరూ జంటగానే దోగాడారు. "పెద్దవాడికి ఆలస్యమయిందా, చిన్నవాడికి తొందరపడిందా?" అని యశోద పక్కింటివాళ్ళను అడిగినట్టు ఎక్కడా లేదు.

అయితే మనవాళ్ళు నెలలు లెక్కపెట్టలేదని పూర్తిగా అనడానికి కూడా వీల్లేదు. ఆయుర్వేదంలో శిశుచికిత్సకు ఆకరమైన కాశ్యపసంహిత అనే ప్రాచీన గ్రంథం ఉంది. సమగ్రంగా దొరకలేదు. నేపాలులో దొరికిన వ్రాతప్రతి ఆధారంగా 1938లో అచ్చయింది. అందులో ఫక్కరోగమని ఒక ప్రకరణం ఉంది. ఏడాది వచ్చినా పాదాలతో నడవని బిడ్డను ఫక్కుడని గుర్తించాలని అక్కడ చెప్పారు. దోషం తల్లిపాలవల్ల కలిగితే క్షీరజం, బిడ్డ పాలుతాగుతుండగానే తల్లి మళ్ళీ గర్భవతి కావడంవల్ల కలిగితే గర్భజం, వ్యాధివల్ల కలిగితే వ్యాధిజం అని మూడు విధాలుగా విభజించారు. నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచింది చికిత్స. మందులతో పాటు, శిల్పిచేత మూడు చక్రాల చిన్న రథం చేయించి, దానిని పట్టుకొని పిల్లవాడు మెల్లమెల్లగా నడక అభ్యసించాలని విధించారు. మా చిన్నతనంలో వడ్రంగి చేసి ఇచ్చిన మూడు చక్రాల నడకబండి అచ్చం అదే! నిన్నమొన్నటిదాకా ప్రతి ఇంటి చూరుకింద ఉన్న ఆ కొయ్యబండికి అంత పెద్ద చరిత్ర ఉందని నాకు ఉద్యోగ విరమణ తరువాత గాని తెలియలేదు.

కాని కాశ్యపుడు పెట్టిన ఏడాది గడువు నన్ను కలవరపెట్టింది. మా మనవరాలు అప్పటికే ఆ గడువు దాటి రెండు నెలలయింది. అందుకని నేటి శాస్త్రం ఏమంటున్నదో చూద్దామని కూర్చున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఘానా, భారతదేశం, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. మన దేశంనుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలను తీసుకున్నారు. ఆ లెక్కప్రకారం, ఆధారం లేకుండా నడవడం 8.2 నెలలనుంచి 17.6 నెలలవరకు ఎప్పుడైనా జరగవచ్చు. నూటికి ఒక్కరు ఆ మొదటి అంచుకు ముందే నడుస్తారు, ఒక్కరు చివరి అంచు దాటాక నడుస్తారు, తక్కిన అందరూ ఆ నడుమనే. సగటు పన్నెండు నెలలకు కాస్త పైన. అంటే కాశ్యపుడు చెప్పిన ఏడాది అబద్ధం కాదు. కాని అది నడిమి గీత, చివరి గీత కాదు. ఆ గీతకు ఆవల కూడా ఆరోగ్యవంతులైన పిల్లలు దాదాపు సగంమంది ఉన్నారు! ఆడపిల్లలకొక కొలత, మగపిల్లలకొక కొలత అక్కరలేదని కూడా ఆ పరిశీలనలోనే తేల్చారు. "మగపిల్లలు కాస్త ఆలస్యం", "ఆడపిల్లలు ముందు" అని మనం చెప్పుకునే ఓదార్పులకు అక్కడ చోటు లేదు.

మరొక విశేషం. ఆ పిల్లలలో నూటికి నలుగురికి పైగా అసలు దోగాడనే లేదు. మా మనవరాలివంటి దేకుడుపిల్లలు, దోగాడకుండా నేరుగా లేచి నిలబడే పిల్లలు, అందరూ ఉంటారన్నమాట. దేకే పిల్లలు తక్కినవారికంటె ఆలస్యంగా నడవడం సాధారణమేననీ, వాళ్ళను నిలబెట్టబోతే గాలిలో పీట వేసుకున్నట్టు కాళ్ళు ముడిచేసుకుంటారనీ చదివినప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది. మా అమ్మాయి చెప్పింది అక్షరాలా అదే కదా!

ఎందుకింత తేడా? ఒక కారణం కాదు, అనేకం. అప్పుడే పుట్టిన పసికందును నిటారుగా పట్టుకొని పాదాలు నేలకు ఆనిస్తే అడుగులు వేసినట్టు కాళ్ళు కదుపుతుంది. రెండు మూడు నెలలకు ఆ కదలిక మాయమవుతుంది. మెదడు ఎదుగుతున్న కొద్దీ అది అణగిపోతుందని చాలాకాలం అనుకున్నారు. ఎస్తేర్ థెలెన్ అనే అమెరికా పరిశోధకురాలు, ఆమె సహచరులు 1984లో ఒక చిన్న ఉపాయం చేశారు. ఆ కదలిక తగ్గిన పిల్లలను ఎదదాకా నీళ్ళలో ఉంచి పట్టుకున్నారు. కాళ్ళు మళ్ళీ చకచక ఆడాయి! విద్య మరిచిపోలేదు, కాళ్ళ బరువు పెరిగింది, ఆ బరువును ఎత్తే బలం ఇంకా రాలేదు, అంతే. అంటే ఒక్క నడకలోనే ఒంటి బరువు, కండబలం, నిలకడ, చూపు, ధైర్యం అన్నీ కలిసిరావాలి. ఏ పిల్లకు ఏది ముందు కుదురుతుందో, ఏది వెనుకబడుతుందో ఎవరు చెప్పగలరు?

పెంపకమూ ఒక కారణమే. కెన్యాలో కిప్సిగిస్ అనే జాతివారు పిల్లలకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకొని నేర్పుతారు. నేలలో చిన్న గుంట తీసి అందులో కూర్చోబెడతారు. చార్లెస్ సూపర్ అనే ఆయన 1976లో ప్రకటించిన పరిశీలనలో ఆ పిల్లలు అమెరికా పిల్లలకంటె సుమారు ఒక నెల ముందు కూర్చున్నారు, నడిచారు. తల్లులు నేర్పని వాటిలో, అంటే దోగాడడం వంటి వాటిలో, ఆ తొందర కనిపించలేదు. నేర్పితే ఒక నెల కలిసివస్తుంది. ఒక నెల, అంతే!

వంశమూ ఉంది. డెబ్బైవేలమందికి పైగా పిల్లల జన్యువులను పరిశీలించి 2025లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, నడక వయసులోని తేడాలలో సుమారు నాలుగోవంతు జన్యువుల తేడాలవల్లనే అని తేలింది. మా ఆవిడ ఈ మాట వినగానే, "నేను చెప్పలేదూ? మీరు ఏడాదిన్నరకు గాని నడవలేదని మా అత్తగారు ఎన్నిసార్లు అనేవారో!" అంది. నా పాపం నా మనవరాలికి తగిలిందని తేల్చేసింది.

ఇక అందరూ అడిగేది, లోపల భయపడేది ఒకటే. ముందు నడిచిన పిల్ల తెలివైనదా? ఆలస్యమైన పిల్ల మందమతా? "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అనే సామెతను మనం తోచినచోటల్లా వాడుతాం. స్విట్జర్లాండులో, జ్యూరిక్ నగరంలో, పిల్లలను పుట్టుకనుంచి యౌవనందాకా గమనించిన దీర్ఘపరిశీలన ఒకటి ఉంది. 2013లో వెలువడిన దాని ఫలితం ఏమంటే, ఆరోగ్యవంతులైన పిల్లలలో నడక వచ్చిన వయసుకూ, తరువాతి బుద్ధిబలానికీ సంబంధం కనిపించలేదు. ఎనిమిదిన్నర నెలలకు నడిచినవాళ్ళు ముందుకు దూసుకుపోలేదు, ఆలస్యంగా నడిచినవాళ్ళు వెనుకబడిపోలేదు.

నేను ఇవన్నీ అందంగా కాగితంమీద వ్రాసుకొని, ఫోనులో మా అమ్మాయికి పాఠంలా చెప్పాను. "నిదానమే ప్రధానం తల్లీ! తొందరపడకు. కూర్చుని తోసుకుపోయే చక్రాల వాకరు కొనవద్దు. దానివల్ల నడక తొందరగా రాదు సరికదా, మెట్లమీదనుంచి దొర్లి దెబ్బలు తగులుతాయని కెనడాలో 2004లోనే దాని అమ్మకం నిషేధించారు. పాపను నేలమీద వదులు, పట్టుకు లేవడానికి బల్ల అంచు చూపించు. వచ్చేవేళకు నడక అదే వస్తుంది" అన్నాను. మా అమ్మాయి ఊరట చెందింది. నేను విజయగర్వంతో ఆ సంగతి మా చెల్లెలికి ఫోను చేసి చెప్పాను.

ఇక్కడ మా చెల్లెలి సంగతి చెప్పాలి. ఈ టపా వ్రాయడానికి అసలు కారణం అదే.

మా చెల్లెలు 1965లో పుట్టింది. రేపల్లె దగ్గర పల్లెటూరు మాది. దానికి ఏడాది దాటినా నడక రాలేదు. ఆ రోజులలో నడవని పిల్ల అంటే తల్లిదండ్రుల గుండెలో మెదిలే మాట ఒకటే, పోలియో. మా వీధిలోనే ఇద్దరు పిల్లలు దాని వాత పడ్డారు. (మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదై, 2014 మార్చిలో పోలియో లేని దేశమని ధ్రువపత్రం వచ్చిందన్న వార్త చదివినప్పుడు, మా అమ్మ ఉంటే ఎంత సంతోషించేదో అనుకున్నాను.) మా అమ్మ మొక్కని దేవుడు లేడు. పదహారో నెలలో పిల్ల అడుగు వేసింది. ఇంటిల్లిపాదీ ఏడ్చారు, ఆనందంతో. అరిసెలు వండారు. మా నాయనమ్మ వీధివీధంతా పంచింది. పోలియో కాదు! నడిచింది! ఇంకేం కావాలి?

నడుస్తుంటే పిల్ల రెండుపక్కలకూ ఊగేది. నడుము లోపలికి వంగి, పొట్ట ముందుకు వచ్చేది. మేమందరం ముచ్చటపడ్డాం. "బాతునడక, బాతునడక" అని చప్పట్లు కొట్టాం. అందరికంటె గట్టిగా కొట్టినవాణ్ణి నేనే. దానిచేత ఆ చివరనుంచి ఈ చివరకు నడిపించి, నా స్నేహితులకు చూపించి నవ్వించినవాణ్ణి కూడా నేనే. నాకప్పుడు ఏడేళ్ళు.

ఎదిగితే సర్దుకుంటుందన్నారు. సర్దుకోలేదు. బడికి నడిచి వెళ్ళివస్తే రాత్రి కాళ్ళు నొప్పులని ఏడ్చేది. తొమ్మిదో ఏట మా మేనమామ పట్టుబట్టి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాడు. ఎక్స్‌రే తీశారు. పుట్టుకతోనే రెండు తుంటికీళ్ళూ గూటిలో కుదురుకోలేదని చెప్పారు. తొడ ఎముక తలభాగం గూటిలో కూర్చోకుండా పైకి జారి ఉందట. ఒకవైపే అయితే కుంటు స్పష్టంగా తెలిసేది. రెండువైపులా సమానంగా ఉండడంవల్ల ముచ్చటైన ఊగులాటగా కనిపించింది. "పసిపిల్లగా ఉన్నప్పుడే తెచ్చి ఉంటే కాళ్ళు ఎడంగా ఉంచి పట్టీ కట్టి సరిచేసే ప్రయత్నం చేసేవాళ్ళం. ఇప్పుడు కోత పెట్టినా మేలు జరుగుతుందని చెప్పలేం" అన్నారాయన. మా నాన్న ఇంటికి వచ్చి, ఎవ్వరితోనూ మాట్లాడకుండా, నూతిగట్టుమీద చాలాసేపు కూర్చున్నాడు.

మా చెల్లెలు చదువుకుంది, ఉద్యోగం చేసింది, పిల్లలను పెంచింది. యాభై దాటాక రెండు తుంట్లకూ శస్త్రచికిత్స చేసి కృత్రిమ కీళ్ళు అమర్చారు. ఇప్పుడు చేతికర్ర ఊతంతో నెమ్మదిగా నడుస్తుంది. నొప్పి చాలావరకు లేదు. ఈ సంగతులన్నీ అది ఎవరి దగ్గరా ఎత్తదు.

ఆ చెల్లెలితో నేను నా విజయగాథ చెప్పాను. ఎనిమిదినుంచి పదిహేడు నెలలదాకా, కిప్సిగిస్, జ్యూరిక్, అన్నీ ఏకరువు పెట్టాను. అంతా విని, "పిల్ల కాళ్ళు సరిగా విచ్చుకుంటున్నాయా, అన్నయ్యా?" అంది.

నాకు అర్థంకాలేదు. "అంటే?"

"గుడ్డలు మార్చేటప్పుడు తొడలు రెండూ పక్కలకు తేలికగా విచ్చుకుంటున్నాయా? బిగుసుకుంటున్నాయా? తొడలమీద ముడతలు ఎలా ఉన్నాయి? డాక్టరు తుంటి పట్టి చూశాడా?"

"రెండు కాళ్ళూ సమానంగానే కదుపుతోందట."

"నాకూ సమానంగానే ఉండేది" అంది మా చెల్లెలు. కాసేపాగి, "ఎన్నో నెల, ఎన్నో నెల అని అందరూ అడుగుతున్నారు. ఎలా కదులుతోందని ఒక్కరైనా అడిగారా? నేనూ నెల తప్పలేదుగదా, అన్నయ్యా. పదహారో నెలలోనే నడిచాను" అంది.

ఆ మాట దానికి నిష్ఠురం కాదు. దాని గొంతులో నిష్ఠురం ఎన్నడూ ఉండదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. నిజమే! మా చెల్లెలు ప్రపంచ ఆరోగ్య సంస్థవారి గీతల నడుమనే నడిచింది. నా కాగితంమీద పెట్టి చూస్తే దానికి ఏ దోషమూ లేదు. మేము ఎప్పుడు నడిచిందో లెక్కపెట్టాం, ఎలా నడుస్తున్నదో చూడలేదు. చూసి కూడా, చప్పట్లు కొట్టాం.

బడిలో నేను చేసింది మాత్రం వేరా? ఫలానావాడికి ఆరో తరగతికి వచ్చినా చదవడం రాలేదని పట్టికలో వ్రాసేవాణ్ణి. ఒకడు చదివేటప్పుడు పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకొనేవాడు. "పుస్తకం దూరంగా పెట్టు!" అని రెండేళ్ళు గద్దించాను. వాడికి కళ్ళద్దాలు కావాలని కనిపెట్టింది నేను కాదు, సెలవుమీద వెళ్ళినవారి స్థానంలో వచ్చిన ఒక కొత్త పంతులమ్మ, మొదటి వారంలోనే.

మరునాడే మా అమ్మాయికి ఫోను చేసి, నిన్న నేను చెప్పిన పాఠంలో సగం లేదని ఒప్పుకున్నాను. ఆ వారమే పిల్లల వైద్యుని దగ్గరకు వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆయన పాపను బల్లమీద పడుకోబెట్టి, తొడలు రెండూ మడిచి, మెల్లగా పక్కలకు విప్పి చూశాడు. వెన్ను చూశాడు. రెండు చేతులా బొమ్మను అందుకుంటుందా, పిలిస్తే పలుకుతుందా అని చూశాడు. మా చెల్లెలి సంగతి విని, రక్తసంబంధంలో ఉన్నది కనుక మంచిదని తుంట్లకు ఎక్స్‌రే కూడా తీయించాడు. అంతా సవ్యంగా ఉంది. "దేకుడు పిల్లలు ఇంతే. పద్దెనిమిది నెలలు నిండేదాకా చూద్దాం. అప్పటికీ నడవకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా తీసుకురండి" అన్నాడు.

ఆయన దగ్గర తెలుసుకున్నవి నాలుగు ముక్కలు ఇక్కడ పెడుతున్నాను. మీ ఇళ్ళలో పసిపిల్లలుంటే పనికివస్తాయి. తొమ్మిది నెలలు దాటినా ఆధారం లేకుండా కూర్చోకపోయినా, పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోయినా చూపించాలి. నెలతో నిమిత్తం లేకుండా చూపించవలసినవి కొన్ని ఉన్నాయి. ఒంటిలో ఒకపక్కనే ఎక్కువగా వాడడం, ఒళ్ళు మరీ బిగుసుకుపోవడం లేదా మరీ వేలాడిపోవడం, ఎప్పుడూ మునివేళ్ళమీదనే నడవడం, కుంటడం, బాతులా ఊగడం, వచ్చిన విద్య పోవడం. తుంటి దోషం ఆడపిల్లలలో ఎక్కువ. ఎదురుకాళ్ళతో పుట్టినవారిలోనూ, ఆ దోషం వంశంలో ఉన్నవారిలోనూ మరింత జాగ్రత్త అవసరం. పసిపిల్లల కాళ్ళు నిటారుగా చాచి గుడ్డలో బిగించి చుట్టడం తుంటికి చెరుపు. మన తల్లులు కాళ్ళు అటొకటి ఇటొకటి వేసి చంకనెత్తుకోవడం మేలు.

డబ్బు లేదని ఆగవలసిన పనిలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో, పుట్టిననాటినుంచి పద్దెనిమిదేళ్ళదాకా పిల్లలను ఉచితంగా పరీక్షించే ఏర్పాటు ఉంది. తుంటికీలు దోషం, వంకరపాదం, ఎదుగుదలలో ఆలస్యం ఆ జాబితాలో ఉన్నాయి. అంగన్వాడీకి వచ్చే వైద్యబృందాన్ని అడగండి. 1966లో మా అమ్మకు అడగడానికి ఎవరూ లేరు.

మన భాషలో "నిదానమే ప్రధానం" ఉంది, "ఆలస్యం అమృతం విషం" కూడా ఉంది. రెండూ నిజమేనని, ఏది ఎక్కడ వాడాలో తెలియడమే వివేకమని పిల్లలకు చెబుతూ వచ్చాను. పరీక్ష నా ఇంటికి వచ్చినప్పుడు మొదటిదే వ్రాసి, రెండోది మరిచిపోయాను. చూసిన తరువాత ఆగడం నిదానం. చూడకుండా ఆగడం ఆలస్యం.

పదిహేడు నెలలు నిండిన నాలుగోనాడు మా మనవరాలు దివానును పట్టుకొని లేచి, చెయ్యి వదిలి, మూడడుగులు వేసి కూలబడిందట. మరి రెండు వారాలకు ఇల్లంతా నడక. కొత్తగా నడిచే పిల్లలు ఆటలో గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారనీ, 17 సార్లు పడతారనీ 2012లో న్యూయార్క్‌లో లెక్కగట్టారు. మా పిల్ల ఆ లెక్క మించిందనే నా అనుమానం. పడ్డప్పుడల్లా చుట్టూ చూస్తుంది, ఎవరూ చూడకపోతే ఏడవకుండా లేస్తుంది.

తప్పు అనే మాటకు అడుగు చేరి, నడుమ టకారం ఆగమంగా వచ్చి తప్పటడుగు అయింది. పసివాళ్ళ తొలి అడుగుకూ అదే మాట, పెద్దవాళ్ళు చేసే పొరపాటుకూ అదే మాట. ఇన్నేళ్ళు పాఠం చెప్పినా ఈ రెండు అర్థాలూ ఒక్క ఇంట్లో, ఒక్కచోట నాకు ఎప్పుడూ ఎదురుపడలేదు.

అరిసెల వేడుక తెనాలిలో మా ఇంట్లోనే చేశాం. నేలమీద తెల్లని గుడ్డ పరిచి, వరుసగా అరిసెలు పేర్చింది మా ఆవిడ. పిల్లను ఎవరు నడిపించాలన్న మాట వచ్చింది. నాయనమ్మా, అమ్మమ్మా ఇద్దరూ ఉన్నారు. మా అమ్మాయి మాత్రం, "అత్తయ్యా, నువ్వు పట్టుకో" అంది.

మా చెల్లెలు చేతికర్రను గోడకు చేరవేసింది. ఎడమచేత్తో నా భుజం పట్టుకుంది. కుడిచేతి చూపుడువేలు పిల్లకు అందించింది. ముగ్గురం కలిసి నడిచాం. పిల్ల అరిసెమీద అడుగు వేసినప్పుడల్లా అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా చేతులు ఖాళీగా లేవు. నా చూపు ఆ చిన్న పాదాలమీద, ఆ పక్కనే నెమ్మదిగా పడుతున్న పెద్ద పాదాలమీద ఉంది.

స్వస్తి.